పూర్తి దూరము వచ్చే ఏటికి

నేటి వేకువను నెక్లెస్ రోడ్డుపై పరుగిడుచుండగా కుడి మోకాలి క్రింది ఎముక మరల సలుపనారంభించినది. ఊపిరి నిండుగా ఉన్నది, గుండె అలయలేదు, అయినను ఆగి నడువవలసి వచ్చినది.

హృదయమును శ్వాసకోశములును కొలది వారములలోనే అభ్యాసమునకు అలవడును గాని, ఎముకలును స్నాయువులును దృఢపడుటకు మాసములు పట్టును. ఉత్సాహము ముందేగ, దేహము వెనుకబడు ఆ అంతరముననే గాయములనేకము పుట్టుచున్నవి.

మారథాన్ పూర్తి దూరము 42.195 కిలోమీటర్లు!


ఆగస్టు ఉక్కలో, ఫ్లైఓవర్ల ఎత్తులెక్కి దిగుచు, హైదరాబాద్ మారథాన్ సాంతము ముగింపవలెనన్నది నా చిరకాలాభిలాష. కాని ఈ నొప్పి వలన ఈ ఏడు సగము దూరమే పరుగెత్తుదును. మనసు కొంత కలతపడినది, నిజమే. కాని ఆశ సడలలేదు.

ఈ నొప్పిని దాటివచ్చిన మిత్రులారా, విశ్రాంతి పిదప పరుగును మరల ఏ రీతిగా ఆరంభించితిరి? దయతో వ్రాయుడు.