పేరు చెక్కిన గిన్నె

మా వంటయింట ఒక చిన్న స్టీలు గిన్నె కలదు. దాని అంచునకు కొంచెము దిగువగా, చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరములలో, దూరపు బంధువులైన ఒక దంపతుల పేర్లును, వారి గృహప్రవేశపు తేదియు ఉన్నవి. ఆనాటి విందులో ఏమేమి వడ్డించిరో నాకు జ్ఞాపకము లేదు; ఆ యిల్లు ఏ వీధిలో నున్నదో కూడ మరచితిని. కాని ప్రతిరాత్రియు పాలు తోడుపెట్టుటకు మా యింటివారు ఆ గిన్నెనే వెదకుదురు, అది చేతికి దొరకనిచో "కొత్తింటివాళ్ల గిన్నె ఎక్కడ పెట్టారు?" అని కేకవేయుదురు. ఏనాడో ఒక పూట భోజనమునకు పిలిచిన ఆ దంపతులు, ఆ విధముగా, పెరుగుగిన్నె రూపమున మా యింట నిత్యనివాసము చేయుచున్నారు. తెలుగునాట ఇట్టి గిన్నె యొకటి లేని యిల్లు అరుదు. పాత్రల దుకాణము ముంగిట కూర్చుండి, చేతియంత్రముతో గిన్నెలమీద పేర్లు చెక్కి యిచ్చు పనివానిని చూచినప్పుడెల్ల, వస్తువు పనికి వచ్చినంతకాలమే దానిమీది పేరు బ్రతుకునను సత్యమును అతడు దినమునకు నూరు మారులు చెక్కుచున్నాడని నాకు తోచుచుండును.

ఈ సంగతి నాకు మరల స్ఫురించుటకు మా మేనల్లుడు కారణము. అతడు హైదరాబాదు శివారున ఒక చిన్న షెడ్డు వేసికొని, బిందుసేద్యమునకు కావలసిన ఫిల్టర్లు, పైపు మూతలు, వాషర్లు తయారుచేయుచున్నాడు. నగరమున జరుగనున్న ఒక వ్యవసాయ ప్రదర్శనలో మొట్టమొదటిసారి స్టాలు తీసికొని, ఒకనాటి సాయంకాలము బరువైన కేటలాగు నొకదానిని చంకబెట్టుకొని మా యింటికి వచ్చెను. కలములు, కీచైనులు, టోపీలు, కాఫీకప్పులు, పవర్‌బ్యాంకులు, నీళ్ల సీసాలు, బల్లమీది గడియారములు, ఇట్లు వందలకొలది వస్తువుల బొమ్మలు అందులో నుండెను. ప్రతి బొమ్మమీదను వర్తకుని పేరు పట్టుటకు ఒక చోటు ఖాళీగా విడువబడి యుండెను.

"మామయ్యా, స్టాలుకి వచ్చినవాళ్ల చేతిలో ఏదో ఒకటి పెట్టకపోతే బాగుండదు. వెయ్యిమందికి సరిపోవాలి, చవగ్గా రావాలి, మన పేరు దూరం నుంచే కనబడాలి. ఏది వేయించమంటావు?" అని అడిగెను.

ఆ మూడు కోరికలలో పుచ్చుకొనువాని ప్రసక్తి ఎక్కడను లేకుండుట గమనించి, వెంటనే జవాబు చెప్పక, ఈ పంచిపెట్టు విద్య ఎట్లు పుట్టి పెరిగినదో అతనికి చెప్ప మొదలిడితిని.

1893లో చికాగో నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనము మనవారికి పరిచితమైనదే. దానికి అనుబంధముగా ఏర్పాటైన సర్వమత మహాసభలోనే వివేకానందస్వామి ప్రసంగించిరి. ఆ ప్రదర్శనలో హెన్రీ హైంజు అను ఆహారపదార్థముల వ్యాపారికి వ్యవసాయ భవనపు మేడమీద చోటు దొరకినది. క్రింది అంతస్తు చూచునప్పటికే అలసిపోయిన ప్రేక్షకులు మెట్లెక్కి పైకి రాకపోవుటచే, అక్కడ జనము పలుచగా నుండెను. హైంజు చిన్నచిన్న చీట్లు అచ్చువేయించి ప్రదర్శనస్థలమునందు చల్లించెను; చీటీ తెచ్చి చూపినవారికి ఒక జ్ఞాపిక ఉచితముగా నిత్తుమని వానిమీద నుండెను. అంతట జనము మేడమీదికి విరగబడి వచ్చిరి. వారికి లభించినది గట్టాపర్చా అను చెట్టుపాల పదార్థముతో చేసిన ఆకుపచ్చని చిన్న దోసకాయ బొమ్మ. గడియారపు గొలుసునకు తగిలించుకొనదగినది. దానిమీద హైంజు పేరు. ఊరవేసిన దోసకాయలు ఆయన అమ్ము సరకులలో ముఖ్యమైనవి. ఆ బొమ్మ చిటికెన వ్రేలికంటె చిన్నది గనుక ఎవరికిని బరువు కాలేదు; అమ్ముడుసరకు రూపముననే యున్నది గనుక చూచినవారు ఎవరి సరకని అడుగ నక్కరలేకపోయెను. పైకి వచ్చినవారికి ఆయన సరకును రుచి చూపించెను. జ్ఞాపిక వారి కాళ్లను మేడ యెక్కించెను. వారి మనసును నిలిపినది మాత్రము రుచియే.

అంతకు కొన్ని యేండ్లకు ముందు, 1880 దశకమున, అదే దేశమున ఒహాయో రాష్ట్రములోని కొషాక్టన్ అను చిన్న ఊర, జాస్పర్ మీక్ అను పత్రికా ముద్రాపకుడు ఒక చెప్పుల దుకాణదారుని పేరును గుడ్డసంచులమీద అచ్చువేసి, బడిపిల్లలకు అందజేయు నుపాయమును కనిపెట్టెను. పుస్తకముల సంచి తగిలించుకొని పిల్లవాడు బడికిని ఇంటికిని తిరుగుచున్నంతకాలము ఆ దుకాణము పేరును ఊరిలో తిరిగెను. పెండ్లిబట్టలు కొన్నప్పుడు దుకాణమువారిచ్చిన సంచిని పదేండ్లపాటు కూరగాయలకు వాడుకొనిన మన గృహిణులకు ఈ యుపాయములోని బలమును వేరుగా వివరింప నక్కరలేదు.

హైదరాబాదునందును ప్రదర్శనలకు ప్రాచీనత లేకపోలేదు. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్సులో ఆరంభించిన పారిశ్రామిక ప్రదర్శనము 1946లో నాంపల్లికి మారి, నుమాయిష్ అను పేర నేటికిని సాగుచున్నది. దానిని వాడుకగా జనవరి 1వ తేదీన తెరతురు గనుక, నా చిన్ననాట అక్కడనుండి ఇంటికి వచ్చిన వస్తువులలో కేలండరు తప్పక యుండెడిది. తెలుగు వర్తకుడు కనుగొనిన కానుకలలో కేలండరును మించినది నాకు కనబడదు. నడుమ వేంకటేశ్వరుడో లక్ష్మియో, దిగువన తిథివార నక్షత్రములు, రాహుకాలము, దుర్ముహూర్తము, అన్నింటికిని అడుగున ఎరువుల దుకాణము వారి పేరు. పాలవాడు రాని దినమున ఇల్లాలు సున్న చుట్టునది దానిమీదనే. గ్యాసు బండ వచ్చిన తేదీ వ్రాసికొనునది దానిమీదనే. ఏకాదశి ఎప్పుడని ముసలమ్మ అడిగినప్పుడు మనుమడు చూచి చెప్పునదియు దానిలోనే. సంవత్సరము గడచిన పిమ్మట దేవుని బొమ్మను పారవేయుటకు చేయి రాదు గనుక, దానిని కత్తిరించి పటము కట్టించుకొనెడివారు. మిగిలిన దళసరి కాగితము పిల్లల పుస్తకములకు అట్ట యగుచుండెను. పేరు అడుగున చిన్న యక్షరములలో నున్నను మూడువందల అరువదియైదు దినములు కన్నులయెదుట నుండెను.

ఇంతవరకు విని మా మేనల్లుడు, "అయితే ఎలా ఎంచుకోవాలి? దానికో పద్ధతి ఉందా?" అని ప్రశ్నించెను. ఉన్నదంటిని. దానము చేయువాడు దేశమును, కాలమును, పాత్రమును విచారింపవలెనని మన పెద్దలు విధించిరి. స్టాలులో కూర్చున్న వర్తకునకును ఆ మూడింటికంటె మేలైన కొలబద్ద లేదు.

దేశమనగా ఇచ్చు చోటు. ప్రదర్శనకు వచ్చిన రైతు తెల్లవారుజాము బస్సులో వచ్చి రాత్రి బస్సులో తిరిగిపోవును. అతని చేతిలో గాజుకప్పు పెట్టుట అతనికి ఒక కాపలాపని అప్పగించుటయే. విమానమున వచ్చినవానికి పవర్‌బ్యాంకు నిచ్చినచో, దానిని పెట్టెలో వేసి సామానుతో పంప వీలులేదు, చేతిసంచిలోనే మోయవలెను. నాలుగు గడియలలో ఏబది స్టాళ్లు తిరిగినవాని చేతిలో ఏబది కరపత్రములు చేరును. ఆ సమయమున గట్టి గుడ్డసంచి నిచ్చినవానికి కృతజ్ఞత మిక్కిలిగా దక్కును. తక్కినవారి కాగితములన్నియు ఆ సంచిలోనే చేరి యిల్లు చేరును. 2022 జూలై 1 నుండి ఒకసారి వాడి పారవేయు ప్లాస్టిక్కు వస్తువులు పెక్కింటిని మన దేశమున నిషేధించిరి. ఆ యేడాది కడపటి దినము నుండి 120 మైక్రానులకు తక్కువ మందముగల ప్లాస్టిక్కు సంచులును నిషిద్ధములైనవి. అయినను గుడ్డసంచి నిచ్చుటకు చట్టపు భయము కారణము కారాదు. మన పేరు మురికికాలువలో తేలుట మనకే అవమానము గనుక ఇయ్యవలెను.

కాలమనగా వేళ మాత్రమే కాదు, మన్నికయు. మార్చిలో పంచిన కేలండరు మూడు నెలలు చచ్చి పుట్టినది. సంవత్సరపు సంఖ్య వేసిన వస్తువు ఆ సంవత్సరముతోనే ముసలిదగును. వారము ముందు పరుగెత్తుకొని వచ్చినవానికి అచ్చువాడు మంచి పని చేసి యిచ్చుట కష్టము. స్క్రీను ప్రింటింగులో ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క తెర వేరుగా కట్టవలెను గనుక, నాలుగు రంగుల లోగోకంటె ఒక రంగు లోగో చవకయు, చక్కనిదియు నగును. ముందుగా ఒక్క నమూనా తెప్పించి, గుడ్డయైనచో మూడుసార్లు ఉతికి, కలమైనచో పది పుటలు వ్రాసి చూడవలెను. ఒక సభలో నాకిచ్చిన కలము సంతకము నడుమ ఆగిపోయినది. దానిమీది పేరు మాత్రము బంగారురంగున మెరయుచునే యుండెను. ఆ సంస్థ సరకును కొనవలసి వచ్చినప్పుడు నాకు మొదట జ్ఞాపకము వచ్చినది ఆ సగము సంతకమే. పనికిమాలిన వస్తువుమీద అచ్చువేసిన పేరు ప్రకటన కాదు, మనము మన చేతులార వ్రాసి యిచ్చిన ఫిర్యాదు.

పాత్రమనగా పుచ్చుకొనువాడు. ఇక్కడ మిక్కిలి జాగరూకత వలయును. కానుకకును లంచమునకును నడుమ గీత సన్ననిదే గాని స్పష్టమైనది: మనలను జ్ఞప్తియందుంచు నంతటిది కానుక, ఎదుటివాని తీర్పును మార్చు నంతటిది లంచము. ఔషధ సంస్థలనుండి వైద్యులు కానుకలు పుచ్చుకొనరాదని భారత వైద్యమండలి 2009 డిసెంబరులోనే నిబంధన చేసెను. అట్టి కానుకల ఖర్చును ఆదాయపు పన్ను లెక్కలో వ్యాపారవ్యయముగా చూపుకొనుటకు వీలులేదని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తీర్పు చెప్పెను. తక్కిన వర్తకులకును లెక్కలు కలవు. ఉచితముగా పంచిన వస్తువుమీద కట్టిన జీఎస్టీని తిరిగి జమ చేసికొన వీలులేదు గనుక, ఆ మొత్తమును ఖర్చులోనే చేర్చుకొనవలెను. మన పేరంటములలో వచ్చిన వారందరికిని పండును తాంబూలమును, దగ్గరివారికి రవికెలగుడ్డయు నిచ్చెడి మర్యాద యున్నది. స్టాలులోను అదే తగును. దారిన పోవువానికి చిన్న వస్తువు, కూర్చుండి పది నిమిషములు తన కష్టసుఖములు చెప్పుకొన్నవానికి కొంచెము మేలైనది. ఎంచి పదిమందికే ఇయ్యదలచువారికి, వరాహనది యొడ్డున అంకుడుకర్రను లక్కరంగులతో తీర్చిదిద్దు ఏటికొప్పాక బొమ్మ యున్నది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందినది. కొండపల్లి, నిర్మల్, పెంబర్తి పనివారును ఉన్నారు. ఆ బొమ్మమీద మాత్రము మన పేరు వేయరాదు. పెట్టెమీద వేసిన చాలును. బొమ్మ పనివానిది, పెట్టె మనది.

రాత్రి పొద్దుపోవువరకు లెక్కవేసికొంటిమి. అతని యొద్దనున్న సొమ్మునకు వెయ్యి టోపీలైనను, నాలుగువందల నూలు తువాళ్లైనను వచ్చును. మన రైతు భుజము తువాలు లేనిదే బయలుదేరదు. చెమట తుడుచుటకు, తలకు చుట్టుటకు, గట్టున పరచుకొని కూర్చుండుటకు అదియే. టోపీ మాత్రము ప్రదర్శన ద్వారము దాటగనే సంచిలోనికి పోవును. తువాళ్లనే నిశ్చయించితిమి. పేరును నడుమ పెద్దగా వేయింపదలచిన అతనిని వారించి, అంచు మూలను వ్రేలెడంత వేయించితిని. "దేవుడి దగ్గరికి కప్పుకుని వెళ్లడానికి సిగ్గుపడని తువాలు అయితేనే రోజూ భుజాన వేసుకుంటాడు రా" అని చెప్పితిని. తువాలు దక్కినను దక్కకున్నను అందరికిని చేతిగుడ్డ ముక్కతో కుట్టిన చిన్న మూట నొకటి కల్పించితిమి: అందులో నాలుగు రబ్బరు వాషర్లు, పైపు చివర బిగించు మూతలు రెండు, కారుచోట బిగించుటకు బిరడాలు కొన్ని. హైంజు దోసకాయ బొమ్మ నాకు నేర్పిన పాఠమది. అయితే ఇది బొమ్మ కాదు, సరకే.

ప్రదర్శన ముగిసిన కొంతకాలమునకు, నల్లగొండ ప్రాంతపు ఒక బత్తాయి రైతు అతనికి ఫోను చేసి, మూటలోని వాషర్లు అయిపోయినవనియు, అవే రకము మరి రెండువందలు కావలెననియు చెప్పెనట. తువాలు సంగతి ఆయన ఎత్తలేదు, మా మేనల్లుడును అడుగలేదు. కాని ఫోను నంబరు అచ్చువేసినది తువాలు మూలనే. మూటమీద నంబరు లేదు.

స్టాలు తీసికొనబోవు ప్రతి వర్తకునకును నేను చేయు మనవి ఒక్కటే. మీ పేరు వేయింపదలచిన వస్తువును ముందుగా పేరు లేకుండ మీ యింటికి తీసికొనిపోయి, ఎవరికిని ఏమియు చెప్పక, పదునైదు దినములు వాడుకకు విడువుడు. మీ యింటివారు దానిని వెదకి తీసికొనుచున్నారేని, అప్పుడు పేరు వేయింపుడు. అటకమీదికి చేర్చిరేని, ఆ సొమ్ముతో స్టాలులో మరి రెండు కుర్చీలు వేయించి, వచ్చినవారిని కూర్చుండబెట్టి, చల్లని మజ్జిగ యిచ్చి, వారు చెప్పునది వినుడు.