అటకెక్కని విమానం

మీ ఇంట్లో అటక ఉందా? ఉంటే ఓసారి స్టూలు వేసుకుని చూడండి. సగం అల్లిన స్వెట్టరు, మూడొంతులు కుట్టి వదిలేసిన గలీబు, ఫ్రేము కట్టించని పూసల బొమ్మ... ఏదో ఒకటి తప్పకుండా దొరుకుతుంది. ఏ పనికైనా మొదట్లో ఉండే హుషారు చివరిదాకా ఉండదు. అసలు కష్టమంతా ముగింపులోనే ఉంటుంది. ఈ సంగతి నాకు బాగా తెలియజెప్పింది ఓ విమానం! వంటల పేజీ పక్కన విమానమేమిటీ అని నవ్వకండి. అది మన పనులకు ఎంత దగ్గరిదో చదివితే మీకే తెలుస్తుంది.

మాది అల్లూరి సీతారామరాజు జిల్లా గూడెం కొత్తవీధి. 2022లో కొత్త జిల్లా వచ్చేదాకా విశాఖ జిల్లాలో ఉండేవాళ్ళం. చుట్టూ కొండలు, కాఫీ తోటలు, సిల్వర్ ఓక్ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు. మావాడు పాలిటెక్నిక్‌లో మూడు సబ్జెక్టులు మిగుల్చుకుని ఇంటికొచ్చేశాడు. "రాస్తాలే అమ్మా" అంటూనే ఏడాది గడిపాడు. అడిగితే ఇంట్లో గొడవ, అడక్కపోతే నా గుండెల్లో బరువు. అలాంటి రోజుల్లో ఓ సాయంత్రం, "పెద్ద విమానం కడతానమ్మా, రిమోట్‌తో ఎగిరేది" అన్నాడు. ఖర్చు ఎంతో విన్నాక మావారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఫ్రిజ్ కోసం దాచుకున్న చీటీ డబ్బు నేనే తీసి ఇచ్చాను. ఒక్కటే షరతు పెట్టాను. "ఎగరకపోయినా ఫరవాలేదు నాన్నా, పూర్తి మాత్రం చెయ్యాలి."

వాడు ఎంచుకున్నది టైగర్‌మాత్. 1931లో మొదటిసారి ఎగిరిన ఇంగ్లీషు విమానం. ఒకదాని మీద ఒకటిగా రెండు వరసల రెక్కలు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో హైదరాబాద్ బేగంపేటలో ఎందరో ఈ విమానాల మీదే పైలట్ విద్య నేర్చుకున్నారు. మన వాయుసేన పాత టైగర్‌మాత్ ఒకదాన్ని బాగుచేయించి 2012 వాయుసేన దినోత్సవం నాడు ఎగరేసింది కూడా. అసలు విమానం రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 29 అడుగుల 4 అంగుళాలు. అందులో ఐదోవంతు మావాడిది. అంటే 5 అడుగుల 10 అంగుళాలు. మా ముందుగదిలో మంచం పొడవంత!

"రెండేసి రెక్కలెందుకురా?" అని అడిగాను. ఆ రోజుల్లో విమానాలు కర్రతో, బట్టతో చేసేవారు. పల్చటి రెక్క ఒంటరిగా బరువు మోయలేదు. అందుకని రెండు రెక్కలు పెట్టి, మధ్య నిలువు కర్రలు నిలిపి, అడ్డదిడ్డంగా తీగలు లాగి బిగిస్తే పెట్టెలా గట్టిపడుతుందట, బరువూ పెరగదట. నులక మంచం చూడండి. విడిగా చూస్తే పట్టెలూ, నులకా ఎంతపాటి? బిగించి అల్లితే నలుగురు కూర్చుంటారు!

ఇంకో మాట విని నాకు భలే ముచ్చటేసింది. 1903లో రైట్ సోదరులు ఎగిరిన విమానం రెక్కలకు వేసింది నూలు మస్లిన్ గుడ్డ. దాన్ని కుట్టుమిషన్ మీదే కుట్టారు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఫ్యాక్టరీల్లో విమానాల రెక్కలకు నారబట్ట కుట్టి, అది బిగుసుకునేలా పైన వార్నిషు లాంటిది పూసింది ఎక్కువగా ఆడవాళ్ళే. చూశారా, సూదీ దారం లేకుండా విమానం పుట్టనేలేదు!

సరే, మావాడి సంగతికొస్తాను. నర్సీపట్నం నుంచి థర్మాకోల్ పలకలు బస్సులో తెచ్చాడు. వేడెక్కే నైక్రోమ్ తీగతో రెక్కలు కోశాడు. ఆ పొగ మంచిది కాదు కాబట్టి ఆ పనంతా వీధి వరండాలోనే. రెక్కల లోపల వెన్నుపూసలా సన్నటి వెదురు బద్దలు పెట్టాడు. మా కొండల్లో వెదురుకు కొదవా? మూడు వారాల్లో ఆకారం వచ్చేసింది. చూసినవాళ్ళంతా ఆహా ఓహో అన్నారు. పక్కింటావిడ మాత్రం, "ఏటక్కా, మీవోడికి ఈ వయసులో ఆటలేటి?" అంది. పొగడ్తకు పొంగాడో, ఆ మాటకు ముడుచుకున్నాడో, పని అక్కడే ఆగిపోయింది. పది రోజులు ముట్టుకోలేదు. విమానం మీద దుమ్ము పేరుకుంది.

మిగిలిందేమో విసుగు పుట్టించే పని. గుంటలు పూడ్చాలి, గరుకుకాగితంతో రుద్దాలి, కాగితం అంటించాలి, మళ్ళీ రుద్దాలి, రంగు వెయ్యాలి. రాత్రి అందరూ పడుకున్నాక నేనే కూర్చుని రుద్దేస్తే పోతుంది కదా అని చెయ్యి ఎంత పీకిందో! కానీ చెయ్యలేదు. మర్నాడు చిక్కుళ్ళ బుట్ట తెచ్చుకుని విమానం పక్కనే కూర్చుని వలుస్తూ, "ఈ గుంట పూడ్చే ముద్ద ఎంత జారుగా ఉండాలిరా?" అని అడిగాను. "నాకూ కుదరట్లేదమ్మా" అన్నాడు. "బూరెల పైపిండిలా కలుపు, దోసెలా పల్చగా లాగు" అన్నాను. కుదిరింది! ఆ రోజు నుంచి వాడు రుద్దడం, నేను పక్కన కూరలు తరగడం. నా చెయ్యి మాత్రం విమానం మీద పడలేదు.

మీ పిల్లలు కూడా స్కూలు పనులకు థర్మాకోల్ వాడతారు కదా, ఈ నాలుగు సంగతులు గుర్తుంచుకోండి. ఘాటైన వాసన వేసే రబ్బరు జిగుర్లు, స్ప్రే రంగులు థర్మాకోల్‌ను కరిగించి తినేస్తాయి. నీళ్ళలో కలిసే రంగులే వాడాలి. ఏదైనా ముందు చిన్న ముక్క మీద వేసి చూడాలి. ఫెవికాల్‌లో కాస్త నీళ్ళు కలిపి పల్చటి కాగితం అంటిస్తే పైన గట్టి పొర ఏర్పడుతుంది. గది చీకటి చేసి టార్చిలైటు పక్కవాటంగా వేస్తే చేతికి తెలియని గుంటలు కూడా నీడలతో కనబడతాయి. లిథియం బ్యాటరీ మాత్రం మనిషి దగ్గర లేకుండా ఛార్జింగ్ పెట్టకూడదు, ఉబ్బితే వాడనే కూడదు.

రంగు పసుపు. శిక్షణ విమానాలకు ఎక్కువగా వేసే రంగు అదేనట. నాకైతే గడపకు పసుపు రాసినట్టే అనిపించింది. ఆఖర్న తూకం. అప్పడాల కర్రను వేలిమీద నిలబెట్టినట్టు, రెక్కల కింద రెండు వేళ్ళు పెట్టి లేపితే విమానం సమంగా నిలవాలి. తోక బరువైతే గాల్లో అదుపు తప్పుతుంది. ముక్కు దగ్గర సీసం ముక్కలు కొద్దికొద్దిగా పెట్టి సరిచేశాడు.

మా ఏజెన్సీలో గంజాయి తోటలు వెతకడానికి పోలీసులు డ్రోన్లు తిప్పుతుంటారు. అందుకని ముందే పోలీసులకు చెప్పి, ఒప్పుకున్నాకే కదిలాం. 2025 మార్చిలో ఓ ఉదయం, మంచు విడిచాక మైదానానికి వెళ్ళాం. మొదటిసారి ఎగరేయడానికి అనుభవం ఉన్న ఓ అబ్బాయి విశాఖ నుంచి వచ్చాడు. కొండల మీద గాలి కాస్త పల్చన కాబట్టి పరుగు ఎక్కువ తీయించాలన్నాడు. నేల విడిచినప్పుడు నా కాళ్ళు వణికాయి. నాలుగు నిమిషాలు ఎగిరింది. దిగేటప్పుడు చక్రం వంగింది. మావాడి మొహం చూశాను. చిన్నబోతాడేమో అనుకున్నాను. ఆ సాయంత్రమే ఎవరూ చెప్పకుండా కూర్చుని బాగుచేసుకున్నాడు.

ఆ వారంలోనే పరీక్ష ఫీజు డబ్బులడిగాడు. మూడింట్లో రెండు గట్టెక్కాయి. మిగిలిన ఒకదానికీ గరుకుకాగితం పట్టాల్సిందే!

ఫ్రిజ్ ఇంకా రాలేదు. మా ఊరి చలికి దాని అవసరమూ అంత లేదులెండి. మీ ఇంట్లోనూ ఎవరిదో ఒకరిది సగంలో ఆగిన పని ఉండే ఉంటుంది. "ఎప్పుడు పూర్తి చేస్తావ్?" అని పోరకండి. జాలిపడి మీరే పూర్తి చేసేయకండి. మీ చేతిలో పనేదో పట్టుకుని పక్కన కూర్చోండి, చాలు. ఏమంటారు?