దవాఖాన సహన్

మా ఉట్నూర్ దిక్కు దవాఖానకు ఒక్క మరీజ్ వస్తే వెంట నలుగురు వస్తారు. గూడేల నుంచి వచ్చే గోండు కుటుంబాలైనా, మన ఇండ్లవాళ్లయినా ఇదే రివాజు. మరీజ్‌కు మంచం దొరుకుతుంది. ఆ నలుగురికి చెట్టే దిక్కు. సద్ది విప్పేదక్కడ, జానమాజ్ పరిచేదక్కడ, లోపల ఆపుకున్న ఏడుపు ఏడ్చేదక్కడ.

అబ్బాకు ఆపరేషన్ అయినప్పుడు పట్నంలో పది రోజులున్నాం. లోపలికి ఒక్కరికే ఇజాజత్. బయటంతా సిమెంటు, బండ్లు. అమ్మీ ఆగివున్న కార్ల నీడ వెంబడి జరుగుతూ జరుగుతూ పొద్దు గడిపేది. అప్పటినుంచి ఏ దవాఖానకు పోయినా నా నజర్ ముందు చెట్ల మీదికే పోతుంది.

మన బుజుర్గులు ఈ జరూరత్ ఎరిగినవాళ్లే. దమాస్కస్‌లో 1154లో నూరుద్దీన్ కట్టించిన బీమారిస్తాన్ నడుమ సహన్, అందులో నీళ్ల హౌజ్ ఉన్నాయి. హైదరాబాద్‌లో 1595లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన దారుల్‌షిఫా కూడా అంతే: నడుమ పెద్ద సహన్, చుట్టూ రెండంతస్తుల గదులు. యునానీ హకీములు సెహత్‌కు జరూరీ అని లెక్కగట్టిన ఆరింటిలో హవా మొదటిది.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి అఫ్జల్‌గంజ్ దవాఖానను ముంచింది. అక్కడి చింతచెట్టెక్కిన సుమారు 150 మంది ప్రాణాలతో బయటపడ్డారు. రుబాయీల షాయర్ అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలోనే తల్లినీ, భార్యనూ, బిడ్డనూ పోగొట్టుకున్నారు. తర్వాత ఉస్మానియా దవాఖాన లేచింది. ఆ చింతచెట్టు దాని ఆవరణలోనే మిగిలింది.

అమెరికాలో రోజర్ ఉల్రిచ్ 1984లో అచ్చేసిన పరిశోధనలో, పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్లలో కిటికీలోంచి చెట్లు కనబడేవాళ్లు, ఇటుక గోడ కనబడేవాళ్ల కన్నా జల్దీ ఇంటికి పోయారు. గట్టి నొప్పి మందులు కూడా వాళ్లకు తక్కువే పట్టాయి.

ఇప్పుడు కొత్త బ్లాకు కావాలన్నా, పార్కింగ్ కావాలన్నా ముందు గొడ్డలి పడేది చెట్టు మీదనే. బిల్డింగ్ వద్దని ఎవరంటారు? నక్షా గీసేటప్పుడు ఆ నలుగురిని కూడా లెక్కలో వేసుకోమని అడుగుదాం.

మనం మర్హూమ్‌ల పేరు మీద మసీదుకు ఫ్యాను ఇస్తాం, వాటర్ కూలర్ పెడతాం. దవాఖానవాళ్ల ఇజాజత్ తీసుకొని, అంబులెన్సు దారికి అడ్డం రాని చోట ఒక వేపమొక్క పెడితే అదీ సదఖా-ఎ-జారియానే. కాకపోతే మొక్క పెట్టి ఫోటో దిగితే సరిపోదు. రెండు ఎండాకాలాలు నీళ్లు పోసే జిమ్మా ఇంట్లో ఎవరిదో ముందే తేల్చుకోవాలి.