పండుటాకు

మదూరో అంటే స్పానిష్‌లో 'పండినది' అని అర్థం. ఈ ముక్క టాంపాలో, ఈబర్ సిటీలోని ఒక చుట్టల దుకాణంలో కౌంటర్ వెనకున్న పెద్దాయన చెప్పాడు. "బాగా మాగిన అరటిపండునీ మేం ఇదే మాటతో పిలుస్తాం," అన్నాడు. పండుటాకు అన్నమాట, అనుకున్నాను. మనకి ఆ మాటలో ఇంకో అర్థం కూడా ఉందని ఆయనకెలా చెప్పడం?

ప్రాజెక్టు పనిమీద ఆ ఊరొచ్చి అప్పటికి ఐదు నెలలు. ఆ శుక్రవారం రిలీజ్ గండం గడిచింది. టీమ్‌లో క్యూబా మూలాలున్న కుర్రాడొకడు, ఇలాంటి రోజున చుట్ట కాల్చకపోతే ఇక టాంపాలో ఉండి ఎందుకని లాక్కెళ్ళాడు. వాడు చూపించిందే కొన్నాను. పద్రోన్ 1964 యానివర్సరీ సిరీస్, మదూరో. ఐదున్నర అంగుళాల పొడవు, 50 రింగ్ గేజ్. రింగ్ గేజ్ అంటే అంగుళాన్ని 64 భాగాలు చేసి మందం కొలవడం. ఖరీదు ఇరవై డాలర్లకి కాస్త అటూ ఇటూగా. రూపాయల్లోకి మార్చి చూసుకునే జబ్బు ఇంకా వదల్లేదు. మార్చాను. మా మామ్మకి ఆ డబ్బుతో ఎన్ని నెలల చుట్టలు వచ్చేవో.

పెట్టెలో ఒత్తి ఉంచడం వల్ల గుండ్రంగా కాకుండా నలుచదరంగా ఉంది. పై ఆకు ముదురు చాక్లెట్ రంగు, వేలితో రాస్తే సన్నటి నూనె జిడ్డు. ఆ నలుపు చూసి ఇదేదో మహా ఘాటుగా ఉంటుందనుకున్నాను. చాలామంది అలాగే అనుకుంటారట. ఘాటు ఎక్కువగా లోపలి ఆకుల నుంచి వస్తుంది, ముఖ్యంగా మొక్క పైభాగాన ఎండకి ముదిరిన 'లిహేరో' ఆకుల నుంచి. పై ఆకు నలుపు మాగబెట్టడంలో వచ్చేది. తడిపిన ఆకుల్ని కట్టలు కట్టి పెద్ద కుప్పగా పేరిస్తే వాటి బరువుకి, తేమకి లోపల వేడి పుడుతుంది. వేడి మరీ పెరగకముందే కుప్ప విప్పి, కింది కట్టలు పైకీ, పైవి కిందికీ మార్చి మళ్ళీ పేరుస్తారు. అమ్మోనియా బయటకు పోతుంది, ఆకు నల్లబడుతుంది, కారం తగ్గి తీపి తేలుతుంది. పల్చటి ఆకు ఇంత వేడికి చిరిగిపోతుంది కాబట్టి మందపాటి ఆకే కావాలి. తొందరున్న కంపెనీలు రంగు పూసేస్తాయని పెద్దాయన నవ్వాడు. (మా రిలీజు గుర్తొచ్చి నేను నవ్వలేదు.)

దుకాణం అరుగు మీద కూర్చున్నాం. ఈబర్ వీధుల్లో కోళ్ళు యథేచ్ఛగా తిరుగుతాయి, వాటినెవరూ అదిలించరు. 1880లలో విసెంటే మార్టినెజ్ ఈబర్ చుట్టల ఫ్యాక్టరీ పెట్టి కట్టిన ఊరిది. ఇక్కడి ఫ్యాక్టరీల్లో కార్మికులు చుట్టలు చుడుతుంటే ఎత్తైన బల్ల మీద కూర్చుని ఒకాయన పొద్దున్న పేపర్లు, తర్వాత నవలలు చదివి వినిపించేవాడు. అతని జీతం యజమాని కాదు, కార్మికులే తలా కాస్త వేసుకుని ఇచ్చేవాళ్ళు. మాంటెక్రిస్టో అనే చుట్టకి ఆ పేరు అలా చదివిన ద్యూమా నవల నుంచే వచ్చిందంటారు. వినికిడి వల్ల బుర్రలు చెడుతున్నాయని 1931లో టాంపా యజమానులు ఆ బల్లలు పీకించేశారు. నిలో క్రూజ్ రాసిన 'అనా ఇన్ ద ట్రాపిక్స్' నాటకం ఈ చదివేవాళ్ళ మీదే. 2003లో పులిట్జర్ వచ్చింది. నేనది చదివే టాంపాకి వచ్చాను. చుట్ట కంటే ముందు నాకు నచ్చింది ఆ బల్ల.

వెలిగించాక మొదటి పావుగంట మిరియాలు. పొగ మింగకూడదు, నోట్లో తిప్పి వదిలేయాలి. కాస్త ముక్కులోంచి వదిలితే అసలు వాసన తెలుస్తుంది. తర్వాత మిరియం తగ్గి తీపి మొదలైంది. మా వాడు ఫోన్లో ఎవరిదో రివ్యూ తెరిచి చదివాడు: కోకో, ఎస్ప్రెస్సో, తోలు, దేవదారు. తోలు నేనెప్పుడూ నమల్లేదు. దేవదారు చెక్క ఎలా ఉంటుందో కూడా తెలీదు. కానీ చదవగానే అవన్నీ ఉన్నట్టే అనిపించింది. నేను పుస్తక సమీక్షల్లో 'సాంద్రత', 'ఆర్ద్రత' అని రాసేది ఇలాగే కదా అని సిగ్గేసింది. ఫోన్ పక్కన పెట్టమని, నా ముక్కుకి తెలిసినవే నోట్ చేసుకున్నాను. పాకం ముదిరి అడుగంటబోయే ముందు బెల్లం. వేయించిన ధనియాలు. వాన పడ్డ మట్టి కాదు, పశువుల సాలలో ఎండుగడ్డి కింద నేల.

ఆ గడ్డి వాసన దగ్గరే మామ్మ వచ్చేసింది.

మాది శ్రీకాకుళం సముద్రం పక్క పల్లె. మామ్మ అడ్డపొగ కాల్చేది, అంటే నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని. పెదాలు మూసి, పని చేసుకుంటూ, మాట్లాడుతూ. మా ఊళ్ళో ఆడవాళ్ళు చాలామంది అంతే. ఎందుకలా అని చిన్నప్పుడడిగితే "బయటెడితే సగం గాలే తాగీస్తాదిరా బాబూ" అంది. నేను ఇంజనీరింగ్ మూడో ఏడులో ఉండగా అంగిట్లో పుండు లేచింది. చుట్టపుండే అనుకుని నెలలు గడిపేశారు. క్యాన్సర్ అని తేలేసరికి మింగడానికి గంజి కూడా కష్టమైంది. చాలా ఏళ్ళకి నెట్‌లో వెతుకుతుంటే, ఆంధ్రాలో అడ్డపొగ తాగేవాళ్ళ అంగిళ్ళ మీద బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో 1971లో వచ్చిన వ్యాసం దొరికింది. 10,169 మంది పల్లెజనాన్ని పరీక్షించారు. అంటే మామ్మ పోవడానికి దశాబ్దాల ముందే, ఎక్కడో లండన్‌లో అచ్చయి ఉంది. మా ఊరిదాకా ఎవరూ చదివి వినిపించలేదు.

చుట్ట సంగతికొస్తే, మధ్య భాగం నిజంగా గొప్పగా ఉంది. చివరిదాకా సమంగా కాలింది, బూడిద అంగుళం పైన నిలబడింది. ఈ పనితనాన్ని కాదనలేను. కొసకొచ్చేసరికి చేదెక్కింది. పైగా మధ్యాహ్నం సలాడ్ తప్ప ఏం తినలేదేమో, చల్లటి చెమటలు పట్టి, కళ్ళ ముందు కోళ్ళు రెండింతలయ్యాయి. మా వాడు పరిగెత్తి కోక్ తెచ్చాడు. పంచదార పడితే సర్దుకుంటుందట. సర్దుకుంది. నోట్స్ చివర మార్కులు వేసే చోట పెన్ను ఆగిపోయింది. 92 అని వేయడానికి కారణాలన్నీ ఉన్నాయి. వేయలేదు. వేయకపోవడం కూడా ఒక రకం పోజేమోనని ఇప్పటికీ అనుమానం. అంత కష్టపడి మాగబెట్టిన ఆకు బాగుందని చెప్పడానికి నాకు మామ్మ అనుమతి ఎందుకు? ఆమె మట్టుకు ఎవరి అనుమతీ అడగలేదు. ఆ చుట్టంటే ఆమెకి ఇష్టం. భయపడి కాల్చలేదు, తెలిసీ కాల్చలేదు.

ఆదివారం వీడియో కాల్‌లో నాన్నకి చెప్పేశాను. ఇరవై డాలర్లని మాత్రం చెప్పలేదు. మామ్మ పోయాక మా ఇంట్లోకి పొగాకు రానివ్వలేదాయన. చిన్నప్పుడు ఆమెకి సంత నుంచి ఆకు మోసుకొచ్చింది తనేనట. చాలాసేపు ఏం మాట్లాడలేదు. నెట్ పోయిందేమో అనుకున్నాను.

"నిప్పు బయటికే పెట్టుకున్నావు కదా?" అన్నారు.

"బయటికే నాన్నా."

"సరే," అని ఫోన్ అమ్మకిచ్చేశారు.