పిల్లి మొగము

మా పిల్లికి చెవుల అంచున పొట్టు లేచింది. కొన్నినాళ్లకే అది నొసటికి, కండ్లమీదికి దిగింది. వెంట్రుకలు రాలి, తోలు మడతలు పడి, ముసలి మొగమైపోయింది.

"గోనెలో ఏసుకోని పోయి కృష్ణగిరి రోడ్డులో విడిచి రాప్పా" అనిరి పక్కింటోళ్లు. "సీమనూనె పూస్తే పోతాదిలే" అనె అవ్వ. పాప మాత్రం దాన్ని ఒడిలోనుంచి దించలేదు. పాప మోచేతులమీదా ఎర్రటి పొక్కులు.

బుట్టలో పెట్టుకొని హోసూరులో పశువుల డాక్టరు దగ్గరికి పోతిని. ఆయన తమిళంలో అడిగితే "తామర" అంటిని. తమిళంలోనూ అది "పడర్‌తామరై" కదా, మాట కలిసింది. జబ్బే కలవలేదు. తామర బూజువల్ల వచ్చేది. ఇది నోటోయెడ్రిస్ అనే పురుగు తోలును తొలిచి తెచ్చే గజ్జి. చెవి అంచు గీకి, ఆ పొట్టును భూతద్దాల యంత్రంలో నాకూ చూపించినారు. గుండ్రటి ఒళ్లు, పొట్టి కాళ్లు.

"పిల్లి ఒళ్లు నాక్కుంటుంది. మీరు పూసిందంతా దాని కడుపులోకే. సీమనూనె వద్దు, కుక్కల మందూ వద్దు" అని, తూకం చూసి మందిచ్చినారు. ఈ పురుగు మనిషి ఒంటిమీద ఎక్కువనాళ్లు బతకదట. అయినా పాపను వేరే డాక్టరుకు చూపించమన్నారు.

నెల దాటినాక పిల్లి నొసట నూగు మొలిచింది. పాప చేతులూ మానినాయి.

ఆ రోజు విడిచి వచ్చింటే గజ్జి పోయేదా? ఆ రోడ్డు పక్క పిల్లులకు అంటేది, అంతే.

మొన్న పక్కింటోళ్లు తమ పిల్లిని బుట్టలో తెచ్చి, "ఆ డాక్టరు యాడుంటాడప్పా?" అని అడిగిరి.