అంగడి ముందరి ఆసనం – ఆశ్రయధర్మం

శ్రీ సత్యనారాయణ వ్రతకథలో సాధువనే వర్తకుని వృత్తాంతం తెలియని ఆస్తికులు ఆంధ్రదేశంలో అరుదు. సంతానం కలిగితే వ్రతం చేస్తానని సంకల్పించి, కలిగిన పిమ్మట కుమార్తె వివాహ సమయానికి వాయిదా వేసి, వివాహమైన తరువాత విస్మరించి, అల్లునితో కూడి దేశాంతరం వెళ్లి, కారాగారక్లేశం అనుభవించి, విముక్తుడై ధనంతో తిరిగివస్తుండగా, దండి వేషంలో వచ్చిన స్వామి నావలో ఏమున్నదని ప్రశ్నిస్తే, ఆకులూ తీగలూ తప్ప మరేమీ లేవని పలికినవాడు అతడు. పలికినదే ఫలించింది. నావ నిండా ఆకులే మిగిలాయి.

ఈ కథ దినదినమూ మారుమ్రోగే అన్నవరంలో, రత్నగిరి పాదభాగాన, తొలిపావంచాలకు చేరువలో ఒక వృద్ధ వర్తకునికి పూజాద్రవ్యాల అంగడి ఉన్నది. నలభై సంవత్సరాలుగా ఆ కథ ఆయన కర్ణపుటాలను సోకుతూనే ఉన్నది. అయినా అందులోని దండి ప్రశ్న తనను ఉద్దేశించినదేనని గ్రహించడానికి ఆయన హిమావృతమైన ఒక దూరదేశానికి వెళ్లవలసి వచ్చింది. అక్కడ ఆయనకు గురుస్థానం వహించినది ఆశ్రమమూ కాదు, ఆలయమూ కాదు. సగం మూతపడిన ఒక చిన్న షాపింగ్ మాల్.

పంపానది చెంత రత్నగిరిపై స్వామివారి ప్రతిష్ఠ 1891లో జరిగింది. రథాకారంలో, నాలుగు కోణాలలో నాలుగు చక్రాలతో నిర్మితమైన ఆలయంలో హరిహరబ్రహ్మల ఏకరూపంగా శ్రీ వీరవేంకట సత్యనారాయణస్వామి కొలువై ఉన్నాడు. గోధుమనూక, బెల్లం, నెయ్యి కలిపి వండి ఆకులో కట్టి ఇచ్చే ప్రసాదం రుచిని గురించి వేరుగా చెప్పనక్కరలేదు. కార్తికమాసంలో ఇక్కడికి వచ్చే జనసందోహమూ భక్తులకు విదితమే. ఈ కొండను ఆశ్రయించి పసుపు, కుంకుమ, వక్కలు, ఖర్జూరాలు, కొబ్బరికాయలు, రవికగుడ్డలు అమ్ముకొని జీవించే కుటుంబాలు అనేకం. దేవుడు కొండ దిగి మరొక ఊరికి తరలిపోడన్న విశ్వాసమే వారి మూలధనం.

కానీ దేవుడు కదలకపోయినా జనుల నడక మారుతుంది. పూర్వం అత్యధికులు మెట్లెక్కి స్వామిని దర్శించేవారు. ఘాట్ రోడ్డు మీద వాహనాలు పెరిగిన కొద్దీ, మెట్లదారిలో ఆగి కాయ కొనేవారు తగ్గారు. వ్రతసామగ్రి అంతా ఒకే పెట్టెలో ఇంటికి చేర్చే ఆన్‌లైన్ వ్యాపారం మరికొంత బేరాన్ని హరించింది. వృద్ధునికి లెక్కలు కుదరలేదు. అంగడి ముందర పందిరి నీడలో ఆయన తండ్రి వేయించిన పొడవైన చెక్కబల్ల ఒకటి ఉండేది. కొండ దిగి వచ్చినవారు దానిమీద కూర్చొని, నీళ్లు తాగి, ఏమీ కొనకుండా వెళ్లిపోతున్నారన్నది ఆయన అసహనం. ఆ స్థలంలో కొబ్బరికాయల గంపలు పెట్టవచ్చునని తలచి, ఒకనాడు బల్లను లోపలికి మార్పించి గోడకు నిలబెట్టించాడు.

ఆ తరువాత కొన్ని దినాలకు, మధ్యాహ్న సమయంలో, ఒక వృద్ధురాలు మెట్లు దిగి వచ్చి పందిరి గుంజ పట్టుకొని నిలబడింది.

"శెట్టిగారూ, కాసేపు ఇక్కడ కూర్చుంటానండీ. మోకాళ్లు పట్టేశాయి."

"సరుకు దించాలమ్మా, బండి వచ్చేస్తోంది," అన్నాడాయన.

బండీ లేదు, సరుకూ లేదు. "సరే బాబూ," అని ఆమె ముందుకు సాగి, ఎండలో కాలిన రాతిమెట్టు మీద కొంగు పరచుకొని కూర్చున్నది. ఆయన చూశాడు, తల తిప్పుకున్నాడు. అంతటితో ఆ సంగతి ముగిసిందనుకున్నాడు.

కాలక్రమంలో కుమార్తెకు ప్రసవసమయం ఆసన్నమైంది. అల్లుడు అమెరికాలోని ఉత్తర డకోటా రాష్ట్రంలో ఒక చిన్న పట్టణంలో వైద్యుడు. వైద్యుల కొరత ఉన్న గ్రామీణప్రాంతాలలో మూడేళ్లు సేవ చేసే విదేశీ వైద్యులకు, స్వదేశానికి తిరిగివెళ్లాలన్న నియమం నుండి మినహాయింపునిచ్చే ఒక పథకం అక్కడ 1994 నుండి ఉన్నది. ఆ రాష్ట్రపు నాటి సెనేటరు కెంట్ కాన్రాడ్ పేరుతోనే అది ప్రసిద్ధం. ఒక్కొక్క రాష్ట్రానికి ఏడాదికి 30 మందికి ఈ అవకాశం లభిస్తుంది. మహానగరాలు ఎరుగని అటువంటి శీతలసీమలకు తెలుగు వైద్యులు చేరిన మార్గాలలో ఇది ఒకటి. అంగడిని తమ్ముని కుమారునికి అప్పగించి, దంపతులిద్దరూ శీతకాలారంభంలో అక్కడికి చేరారు.

ఉష్ణమే శత్రువైన దేశం నుండి వచ్చిన వారికి శైత్యం ప్రాణాంతకం కాగలదని అక్కడ తెలిసింది. సున్నకు దిగువన ఇరవై డిగ్రీలు, కొన్ని దినాలలో అంతకంటెను తక్కువ. వీథిలో గడ్డకట్టిన మంచు మీద అడుగు జారితే వృద్ధుల ఎముకలు విరుగుతాయి. నిత్యం తెల్లవారుజామున పంపాతీరాన నడిచే అలవాటున్న మనిషి నాలుగు గోడల మధ్య బందీ అయ్యాడు. అప్పుడు అల్లుడు ఒక ఉపాయం చెప్పాడు. "మావయ్యగారూ, నేను ఆసుపత్రికి వెళ్తూ మిమ్మల్ని మాల్ దగ్గర దింపుతాను. లోపల వెచ్చగా ఉంటుంది, ఎంతసేపైనా నడవొచ్చు. మధ్యాహ్నం వచ్చి తీసుకెళ్తాను."

మాల్ అనగానే ఆయన మనస్సులో మెదిలినది విశాఖపట్టణంలో చూసిన దీపకాంతుల హర్మ్యం. ఇక్కడ కనిపించినది వేరు. ఒకే అంతస్తు, చదునైన పైకప్పు, మధ్యలో ఒక పొడవైన నడవ, దానికి ఇరుప్రక్కలా దుకాణాలు. వాటిలో సగానికి తలుపులు మూసి ఉన్నాయి. ఒక కొసన పెద్ద దుకాణం ఉండిన చోట ఖాళీ గోడ, దానిమీద తొలగించిన అక్షరాల నీడ మాత్రం మిగిలింది.

ఈ కప్పువేసిన విపణులకు ఒక చరిత్ర ఉన్నది. వియన్నాలో 1903లో జన్మించి, నాజీల భయంతో 1938లో అమెరికాకు శరణార్థిగా వచ్చిన విక్టర్ గ్రూయెన్ అనే వాస్తుశిల్పి, మిన్నెసోటాలోని ఈడైనాలో సౌత్‌డేల్ అనే మాల్‌కు రూపకల్పన చేశాడు. 1956 అక్టోబరులో తెరచిన ఆ భవనంలో, బయట ఎంత మంచు కురిసినా, లోపల వసంతఋతువు వలె సుమారు 24 డిగ్రీల వెచ్చదనం ఉండేటట్లు ఏర్పాటు చేశారు. తన జన్మనగరంలోని కూడలి వలె జనులు కలిసి కూర్చొని మాట్లాడుకొనే స్థలం కావాలన్నది అతని అభిలాష. ఆ ప్రాంగణం చుట్టూ నివాసాలు, పాఠశాల, వైద్యాలయం, ఉద్యానం ఉండాలని అతడు ఊహించాడు. కానీ దేశమంతటా విస్తరించినవి దుకాణాలు, కార్లు నిలిపే మైదానాలు మాత్రమే. తన పేరు ఆ వికృతరూపాలతో జతపడినందుకు చివరి దశలో అతడు బహిరంగంగా విచారించాడు. 1968లో వియన్నాకు తిరిగి వెళ్లి, 1980లో అక్కడే మరణించాడు.

పెద్ద నగరాలలోని మాల్‌లకు జనబలం ఉంటుంది. మిన్నెసోటాలోనే 1992లో తెరచిన మాల్ ఆఫ్ అమెరికాలో, నడవలను వేడిచేసేందుకు కేంద్రీయ యంత్రం లేదు. పైకప్పు అద్దాల గుండా వచ్చే సూర్యరశ్మి, దీపాలు, జనుల దేహోష్ణమే అక్కడ వేడిమికి ఆధారం. చిన్న పట్టణాలలో అంతటి జనం ఎక్కడ? అక్కడి మాల్‌కు చెరియొక కొసన ఉండే పెద్ద దుకాణాలే లంగరు. వాటికై వచ్చినవారు చిన్న దుకాణాలలోనూ కొంటారు. సియర్స్ 2018లో, జేసీ పెన్నీ 2020లో దివాలా ప్రక్రియలోకి వెళ్లాయి. ఇటువంటి సంస్థలు తమ శాఖలను మూసినప్పుడు లంగరు తెగుతుంది. పెద్ద దుకాణం పోతే అద్దె తగ్గించాలనో, తాము వెళ్లిపోవచ్చుననో చిన్న దుకాణాల ఒప్పందాలలో షరతులు ఉండటం కద్దు. ఆదాయం క్షీణించినా నడవకు వేడి ఆపడానికి వీలు లేదు. ఆపితే గొట్టాలలో నీరు గడ్డకట్టి పగులుతాయి. కప్పు మీద పేరుకొన్న మంచు బరువునూ, కరిగి కారే నీటినీ ఉపేక్షించే వీలు లేదు.

అటువంటి స్థితిలోనూ కొన్ని మాల్‌లు బ్రతికి ఉన్నాయి. మూతపడిన దుకాణాల గదులలోకి వైద్యశాలలు, గ్రంథాలయాలు, వ్యాయామశాలలు, ప్రభుత్వ కార్యాలయాలు, ప్రార్థనామందిరాలు వచ్చి చేరాయి. గ్రూయెన్ ప్రారంభంలో కోరినదీ ఇంచుమించు ఇదే. దుకాణాలు వెళ్లిపోతేనే గాని ఊరి కూడలికి చోటు దొరకకపోవడం విధివిలాసం.

వృద్ధుడు ప్రతిదినం నడిచిన నడవలోనూ ఒక వైపు కళ్లజోళ్ల దుకాణం, ఒక వైపు దంతవైద్యశాల, ఒక కాఫీ అంగడి ఉండేవి. దుకాణాలు తెరవక పూర్వమే ద్వారాలు తెరచేవారు. ఊరిలోని వృద్ధులు బరువైన కోటులు బల్లల మీద విడిచి, నడవ ఈ కొస నుండి ఆ కొసకు ప్రదక్షిణ వలె తిరిగేవారు. భాష రాకపోయినా చేయి ఎత్తి పలకరించేవారు. నడక ముగిసిన పిమ్మట ఆయన ఒక బల్ల మీద కూర్చొని జపం చేసుకొనేవాడు. పైకప్పు అద్దం గుండా ఎండ పడే చోటికి ఆయన జరుగుతుండటం గమనించి, అక్కడి పరిచారకుడొకడు మరునాటి నుండి ఆ బల్లనే ఎండలోకి జరిపి ఉంచసాగాడు.

మనుమరాలు పుట్టిన కొన్ని వారాలకు, ఒక ఉదయం భార్య కూడా ఆయన వెంట వచ్చింది. ఇద్దరూ ఆ ఎండలో కూర్చున్నారు. కాసేపటికి ఆమె అటూ ఇటూ చూసి నెమ్మదిగా అడిగింది.

"ఏవండీ, రోజూ ఇలా ఏమీ కొనకుండా కూర్చుంటుంటే, వీళ్లు ఏమీ అనరాండీ?"

ఆయన సమాధానం చెప్పలేకపోయాడు. మూడు నెలలుగా పరదేశంలో, ఒక్క డాలరు కూడా ఖర్చుపెట్టకుండా, అపరిచితులు వేసిన బల్ల మీద, అపరిచితులు మూల్యం చెల్లించిన వెచ్చదనంలో తాను కూర్చుంటున్నాడు. బండి వస్తోంది లెమ్మని ఎవ్వరూ అనలేదు. పందిరి గుంజ పట్టుకొని నిలబడిన వృద్ధురాలి ముఖం ఆయనకు ఎదురుగా వచ్చి నిలిచింది. "సరే బాబూ" అన్న ఆ రెండు మాటలు వినిపించాయి. దండి ఏ వేషంలో వచ్చాడో, తన నావలో ఏమున్నదని చెప్పి తాను తప్పించుకున్నాడో అప్పుడు బోధపడింది. ఆ రాత్రి ఆయన భోజనం చేయలేదని భార్య తరువాత బంధువులతో చెప్పుకొన్నది.

వసంతంలో అన్నవరం చేరగానే ఆయన చేసిన మొదటి పని బల్లను బయటికి తీయించడం. ఒక కాలు చెదలు పట్టింది. వడ్రంగిచేత మార్పించి, పందిరి నీడలో వేయించి, ప్రక్కన మంచినీటి కుండ పెట్టించాడు. కొబ్బరికాయల గంపలు లోపలికి వెళ్లాయి.

వ్రతకథలోని సాధువు పరుగున వెళ్లి దండి పాదాలపై పడ్డాడు, పోయిన ధనం తిరిగి పొందాడు. ఈ వర్తకునికి ఆ భాగ్యం లేదు. ఆ వృద్ధురాలిది ఏ ఊరో, మళ్లీ మెట్లెక్కగలిగిందో లేదో ఎవరికీ తెలియదు. ఆమెను క్షమించమని అడగడానికి వీలు లేనందువల్లనే, ఎవరు వచ్చి కూర్చున్నా ఆమెయే వచ్చినట్లు భావించడం ఒక్కటే ఆయనకు మిగిలిన ప్రాయశ్చిత్తం.

బల్ల వేసినందువల్ల వ్యాపారం వృద్ధి చెందిందా అని లౌకికులు అడగవచ్చు. కూర్చున్నవారిలో కొందరు కాయ కొంటారు, అధికులు కొనరు. ఘాట్ రోడ్డు మీద వాహనాలు తగ్గలేదు. ఆ శీతలసీమలోని మాల్‌కు కూడా బల్లలే అద్దెలు తెచ్చిపెట్టవు. ఏదో ఒక శీతకాలంలో దాని దీపాలు ఆరిపోవచ్చు. ఈ అంగడి సైతం ఏదో ఒక కార్తికం తరువాత మూతపడవచ్చు. ఆశ్రయమిచ్చిన వర్తకునికి నష్టం రాదని శాస్త్రం ఎక్కడా హామీ ఇవ్వలేదు.

శాస్త్రం చెప్పినది వేరు. యాగాదులను ఇష్టమనీ, బావులు, చెరువులు, తోటలు, చలివేంద్రాలు, సత్రాలు మొదలైన లోకోపకార నిర్మాణాలను పూర్తమనీ పెద్దలు వ్యవహరించారు. బాటసారికి నీడ కల్పించడం ఈ పూర్తధర్మంలోనిదే. గోదావరి లంకలలో ఆకలిగొన్నవారికి వేళ చూడక అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారు ఆ ధర్మానికి ఈ సీమ చూసిన మహోన్నతరూపం. మహాభారత శాంతిపర్వంలో తపోగర్వితుడైన జాజలికి ధర్మం బోధించినవాడు వారణాసిలో సరుకులమ్ముకొనే తులాధారుడు. తన త్రాసు సర్వభూతాల యెడలా సమంగా ఉంటుందన్నదే అతని సాధన. కొనేవానికి ఒక ముఖం, కొననివానికి మరొక ముఖం చూపని అంగడి ఆ త్రాసు వంటిది.

ఒకనాటి సాయంకాలం అల్లుడు దూరదేశం నుండి ఫోనులో అడిగాడు.

"అమ్మకాలు ఎలా ఉన్నాయి మావయ్యగారూ? ఇంకా ఎన్నాళ్లు నడుపుతారు?"

"అమ్మకాలు అంతంతే బాబూ," అన్నాడాయన. "బల్ల మీద మాత్రం ఇప్పుడు నలుగురున్నారు. వాళ్లు లేచాక మాట్లాడతాను. కుండలో నీళ్లు అయిపోయాయి."

సర్వం శ్రీ సత్యదేవార్పణమస్తు.