సూది బరువు

నాన్న పోయిన మూడో ఏడు రాజమండ్రి ఇల్లు ఖాళీ చేస్తుంటే, అటక మీంచి రెండు ట్రంకు పెట్టెలు దిగాయి. ఒకదాన్నిండా పాత ఆఫీసు కాగితాలు. రెండోదాన్నిండా గ్రామఫోను రికార్డులు. పాత పేపర్లు కొనే అతను అప్పటికే గుమ్మంలో తక్కెడ పెట్టుకుని కూచున్నాడు. "ఇవి ప్లాస్టిక్కు లెక్కన వేసుకుంటాను బాబూ" అన్నాడు. అమ్మ ఏమీ మాట్లాడలేదు. పైనున్న రికార్డు మీది దుమ్ము కొంగుతో తుడిచి, పెట్టె మూత వేసి, దాని మీద కూచుంది.

అలా ఆ పెట్టె మాతోపాటు హైదరాబాదు వచ్చింది. లెక్కపెడితే నూట పద్నాలుగు. ముప్పై దాకా 78 ప్లేట్లు, మిగతావి ఈపీలు, ఎల్పీలు. 1974లో వచ్చిన ఘంటసాల భగవద్గీత, ఎమ్మెస్ సుప్రభాతం, శంకరాభరణం. ప్రతి కవరు వెనకా ఒక మూల పెన్సిలు గీతలు. నాలుగు నిలువు గీతలు, వాటిని కొట్టేస్తూ ఒక ఏటవాలు గీత. చాకలి పద్దులాగా. ఆ రికార్డు ఎన్నిసార్లు పెట్టారో నాన్న రాసుకున్న లెక్క అది.

మా చిన్నప్పుడు ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండు రికార్డులు పెట్టేవారు, అంతే. మూడోది అడిగితే "సూదికి కూడా ఆయుష్షుంటుందిరా" అనేవారు. దాన్ని మేం పిసినారితనం అనుకునేవాళ్ళం. ఎనభైల్లో టేప్‌రికార్డరు కొన్నాక ఆ పెట్టె ప్లేయరుని ఎవరికో ఇచ్చేశారు. రికార్డులు మాత్రం అటకెక్కాయి.

హైదరాబాదు వచ్చిన నెలకి అమ్మ అడిగింది. "ఏరా, అంత దూరం మోసుకొచ్చావు. ఒక్కటైనా వినిపించవా?"

వెంటనే ఆన్‌లైన్‌లో ఒక సూట్‌కేసు ప్లేయరు తెప్పించాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది. లేతాకుపచ్చ రంగు, ఇత్తడి రంగు మూలలు, స్పీకర్లు లోపలే. 33, 45, 78 మూడు వేగాలూ ఉన్నాయి. ఇంకేం కావాలి అనుకున్నాను. అమ్మ పెట్టెలోంచి ఏరి ఇచ్చిన మొదటి ప్లేటు ఘంటసాల పుష్పవిలాపం. 78 ప్లేటు. పెట్టాను. బయట వాన కురుస్తున్నట్టు ఒకటే హోరు, దాని వెనక ఎక్కడో సన్నగా గొంతు. అమ్మ సగం విని లేచిపోయింది. "ఇది ఘంటసాల కాదురా. జలుబు చేసిన ఇంకెవరో."

ప్లేటు పాతదైపోయింది, అంతే అనుకున్నాను. ఇంకో నాలుగు 78లు పెట్టి చూశాను. అన్నీ అంతే. పోన్లే, ఎల్పీలైనా విందాం అని ఆ నెలంతా శంకరాభరణం పెట్టాను. అయిదోసారో ఆరోసారో వింటున్నప్పుడు 'స' పలికిన చోటల్లా 'ష్' అని చిరుగుతున్నట్టు వినిపించింది. ఎల్పీని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఏటవాలుగా పట్టి చూశాను. నల్లగా నిగనిగలాడాల్సిన చోట బూడిదరంగు చార. కవరు మీద నాన్న గీతలు ఇరవై రెండు. ఇరవై రెండుసార్లలో అరగనిది నా చేతిలో ఒక్క నెలలో అరిగింది.

ఆ రాత్రి చదవడం మొదలుపెట్టాను. కొనేముందు చెయ్యాల్సిన పని అది.

మొట్టమొదట తెలిసింది సూది సంగతి. 78 ప్లేటు గాడి వెడల్పు, ఎల్పీ గాడి సన్నం. 78కి సుమారు 75 మైక్రాన్ల మొన ఉన్న సూది కావాలి. ఎల్పీకి 18 నుంచి 25 మైక్రాన్లు చాలు. ఎల్పీ సూదిని 78 గాడిలో దింపితే అది గోడలని తాకదు, అడుగున బురదలో ఈదుతుంది. పాటంతా గోడల మీద ఉంటే, సూది అడుగునున్న దుమ్ముని చదువుతుంది. అమ్మ విన్న హోరు అదే. నా సూట్‌కేసులో వేగాలు మూడు, సూది ఒక్కటే. అప్పుడు గుర్తొచ్చింది. నాన్న ప్లేయర్లో సూది పక్కన ఒక చిన్న మీట ఉండేది. 78 పెట్టే ముందు దాన్ని అటు తిప్పేవారు, ఎల్పీకి ఇటు తిప్పేవారు. ఒకే పుల్లకి రెండు వైపులా రెండు సూదులు. అదేదో ఆయన చాదస్తం అనుకున్నాను ఇన్నాళ్ళూ.

రెండోది లక్క. వినైల్ రాకముందు ప్లేట్లు లక్కతో చేసేవారు. మన లక్కపిడతల లక్కే. అందుకే 78 కింద పడితే పెంకులా పగులుతుంది. ఆ లక్కలో మెత్తటి రాతిపొడిలాంటిది కావాలనే కలిపేవారు. కీ ఇచ్చే గ్రామఫోన్ల ఉక్కు సూదిని గాడికి తగ్గట్టు అరగదియ్యడానికి. అందుకే ఆ రోజుల్లో వైపుకొక సూది మార్చేవారు. అంటే నేను చేసిన పని ఇది. అయిదు లక్క ప్లేట్ల మీద నా సూట్‌కేసు సూదికి సానపట్టి, మొన చెడగొట్టి, ఆ చెడిన మొనని తీసుకెళ్ళి శంకరాభరణం మీద నెలరోజులు దున్నించాను.

మూడోది బరువు. సూది బరువు తూచే బుల్లి కాటా ఒకటి దొరుకుతుంది. తెప్పించి చూస్తే, నా సూట్‌కేసు సూది ఆరు గ్రాములు చూపించింది. మామూలు అయస్కాంతపు కార్ట్రిడ్జి ఎల్పీ మీద రెండు గ్రాములతో నడుస్తుంది. ఆరు గ్రాములంటే ఏముంది అనిపిస్తుంది. కానీ ఆ బరువంతా ఆనేది కంటికి కనపడనంత మొన మీద. ఎల్పీ ఒక్క వైపు గాడిని సాగదీస్తే నాలుగు వందల మీటర్లు దాటుతుంది. అంత దూరం ముల్లు గుచ్చుకుంటూ పోయినట్టు.

సరే, ఈసారి తెలిసి కొందాం అనుకున్నాను. ఈలోగా న్యూజెర్సీ నుంచి అక్క ఫోను. "ఒరేయ్, ఇక్కడ మీ బావ ఒక పాత టర్న్‌టేబుల్ చూశార్రా. బాగుంది, చవగ్గా ఇస్తున్నారు. వచ్చేటప్పుడు తెచ్చేస్తాం. కరెంటు తేడా అంటావా, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటే సరిపోతుందిట." బావ చెప్పింది సగం నిజం. ట్రాన్స్‌ఫార్మరు 220 వోల్టులని 110 చేస్తుంది. కానీ అమెరికా కరెంటు సెకనుకి 60 సార్లు ఊగితే మనది 50 సార్లు. పాత టర్న్‌టేబుల్స్ చాలావాటిలో మోటారు ఆ ఊపుని పట్టుకునే తిరుగుతుంది. దాన్ని ట్రాన్స్‌ఫార్మరు మార్చలేదు. అక్కడ ఆరు చుట్లు తిరిగే వ్యవధిలో ఇక్కడ అయిదే తిరుగుతుంది. పాట నెమ్మదిస్తుంది, శ్రుతి మూడు స్వరస్థానాలు కిందికి దిగుతుంది. సుశీల గొంతు మగగొంతులా వినిపిస్తుంది. కొన్ని మోడళ్ళలో 50కీ 60కీ వేరువేరు కప్పీలు ఉంటాయి, మార్చుకోవచ్చు. డీసీ మోటారున్న వాటికైతే ఈ బాధే లేదు. ఫోటో పంపమంటే బావ పంపారు. వెనకవైపు రేకు మీద 60 అని మాత్రమే ఉంది. "వద్దులే బావా" అన్నాను. ఆయన కొంచెం నొచ్చుకున్నారు.

ఇక బెల్టా, డైరెక్టా అన్న పెద్ద తగువు ఒకటుంది. బెల్టు డ్రైవులో మోటారు పక్కన ఉండి రబ్బరు బెల్టుతో పళ్ళేన్ని తిప్పుతుంది. మోటారు అదురు సూదిదాకా చేరదని దాని అభిమానులు అంటారు. డైరెక్టు డ్రైవులో మోటారు పళ్ళెం కిందే ఉంటుంది. వేగం నిలకడగా ఉంటుంది, మార్చాల్సిన బెల్టు ఉండదు. 1972లో వచ్చిన టెక్నిక్స్ ఎస్సెల్-1200 ఈ రకం. డీజేల చేతుల్లో నలిగి పేరు తెచ్చుకుంది. మంచిది రెండు రకాల్లోనూ ఉంది. నాకు మాత్రం ఆ తగువు తీర్చాల్సిన అవసరం రాలేదు. నా పెట్టెలో ముప్పై 78లు ఉన్నాయి కాబట్టి. రేగా ప్లానార్ 1 లాంటి పేరున్న బెల్టు ప్లేయర్లు 33, 45 మాత్రమే తిరుగుతాయి. మీ దగ్గర ఎల్పీలు మాత్రమే ఉంటే అది లోపమే కాదు. నా దగ్గర ఉన్నవి వేరు. టర్న్‌టేబుల్ కొనేవాళ్ళు ముందు చూడాల్సింది షాపు కాదు, సొంత పెట్టె.

చివరికి ఆడియో-టెక్నికా ఎల్పీ120 తీసుకున్నాను. మూడు వేగాలు, డైరెక్టు డ్రైవు, వెనక బరువు తిప్పి సూది భారం సరిచేసుకునే చెయ్యి. అన్నిటికంటే ముఖ్యంగా, అందులో కార్ట్రిడ్జి విప్పకుండానే సూది ఒక్కటీ లాగి ఇంకోటి పెట్టుకోవచ్చు. ఎల్పీలకి దానితో వచ్చిన సూది, 78లకి విడిగా కొన్న లావు మొన సూది. నాన్న మీట చేసిన పనే. కాకపోతే సూది మార్చిన ప్రతిసారీ భారం కూడా మార్చాలి, 78కి ఎక్కువ. సూట్‌కేసు ధరకి ఇది అయిదారు రెట్లు. ఇంతకంటే మంచివి ఉన్నాయి, చాలా ఉన్నాయి. ఒక హద్దు దాటాక డబ్బుకి వచ్చే తేడా నా చెవికి అందదు. సూదికీ భారానికీ పెట్టిన డబ్బు మాత్రం రికార్డుకి అందుతుంది.

ఫోనో ప్రీయాంపు అనే ముక్క దగ్గర చాలామంది తడబడతారు. ఎల్పీ మీద మంద్రస్థాయి తగ్గించి, పైస్థాయి పెంచి చెక్కుతారు. లేకపోతే మృదంగం దెబ్బకి గాడి పక్క గాడిలోకి వెళ్ళిపోతుంది. వినేటప్పుడు దాన్ని మళ్ళీ తిరగేసే పని ప్రీయాంపుది. అది లేకుండా తగిలిస్తే పాట రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. ఈ ప్లేయర్లో అది లోపలే ఉంది. యాంపుకి మోనో బొత్తాముంటే ఇంకా మంచిది. మన పాత తెలుగు రికార్డులు చాలావరకు మోనోవే. ఆ బొత్తాం నొక్కితే చిటపటలు కొంత చస్తాయి.

ప్లేయరు కింద పెట్టడానికి వంటింటి గట్టు వేసినప్పుడు మిగిలిన గ్రానైటు పలక పనికొచ్చింది. రికార్డులు కడగడానికి డిస్టిల్డ్ వాటర్ కావాలంటే పెట్రోలు బంకులో బ్యాటరీ నీళ్ళు తెచ్చాను. లేబులు తడవకుండా మెత్తటి గుడ్డతో, గాడి వెంబడి. వినైల్‌ని స్పిరిట్ కలిపిన నీళ్ళతో తుడిచేవాళ్ళు ఉన్నారు. 78ని మాత్రం చచ్చినా తుడవకూడదు. లక్కని స్పిరిట్‌లో కరిగించే కదా వడ్రంగులు కుర్చీలకి పాలిష్ పెట్టేది.

అంతా సిద్ధమయ్యాక పుష్పవిలాపం మళ్ళీ తీశాను. అప్పుడు చూశాను. దాని కవరు మీద గీతలు మూడే.

"ఇదేంటమ్మా? నీకు ఇష్టమైనది కదా, మూడుసార్లేనా పెట్టింది?"

"ఇష్టమనే. కొన్న కొత్తలో మూడుసార్లు పెట్టారు. తర్వాత అరిగిపోతుంది, పగిలిపోతుంది, మళ్ళీ దొరకదు అని పైకి తియ్యలేదు. నేనూ అడగడం మానేశాను." కాసేపాగి అంది. "అది అరగలేదు. ఆయనే అరిగిపోయారు."

ఏమనాలో తెలీక లావు సూది పెట్టి, భారం సరిచేసి, చెయ్యి దింపాను. చిటపట ఉంది, లేకుండా ఎలా పోతుంది. కానీ దాని ముందుకి వచ్చి గొంతు నిలబడింది. ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తోంది. అమ్మ చిన్నప్పుడు బళ్ళో నేర్చుకున్న పద్యాలవి. పెదాలు కదుపుతూ కూచుంది. మూడు నిమిషాల చిల్లరకి వైపు అయిపోయింది. ఉత్త గాడిలో సూది తిరుగుతోంది.

"రెండో వైపు పెట్టు" అంది.

"రేపు విందాంలేమ్మా" అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాకగానీ అది ఎవరి మాటో తెలియలేదు. అమ్మ నా వంక చూసి నవ్వింది.

నాన్న పిసినారి కాదని ఇప్పుడు తెలుసు. ఆయన దగ్గరున్న ప్లేయరు బరువైనది, ఆ సంగతి ఆయనకి తెలుసు. వేరే కొనే స్తోమత లేదు. కాబట్టి రికార్డులని కాపాడటానికి ఆయన చేతిలో మిగిలింది ఒక్కటే, పెట్టకపోవడం. నా దగ్గర రెండు గ్రాముల సూది ఉంది. నాకా సాకు లేదు. మంచి టర్న్‌టేబుల్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఇప్పుడు ఇదే చెబుతాను. భయపడకుండా రికార్డు తియ్యనిచ్చేది.

ప్లేటు తిరగేసి పెట్టాను. అయ్యాక అమ్మ పెన్సిలు అడిగింది. కవరు మూల నాలుగో గీత తనే గీసింది, కాస్త వంకరగా. శంకరాభరణం కవరు మీద కూడా ఆ నెలలో నేను పెట్టిన గీతలు వేశాను. ఎన్నిసార్లో సరిగ్గా గుర్తులేక, ఆరు వేశాను.